పదకొండో బొట్టు

పోయిన ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఒక ఆదివారం ఉదయం మా అక్క కూతురు కవిత తన బండిని కోయంబత్తూరులో ఉన్న మా పంపుల వర్క్‌షాపుకు తోలుకొచ్చింది. ముప్పై దాటిన పిల్ల. వారమంతా కంప్యూటరు ముందు కూర్చుంటుంది, ఆదివారం వస్తే స్నేహితులతో కలిసి కొండల కింద బురదలోనూ వాగుల్లోనూ బండి తోలడానికి పోతుంది. నాలుగు చక్రాలూ లాగే బండి అది. ఆ రోజు వెనక సీటులోంచి పొడుగాటి అట్టపెట్టె ఒకటి దించి విప్పింది. లోపల ఏనుగు తొండంలా వంగిన నల్లటి ప్లాస్టిక్ గొట్టం, దానికి రబ్బరు వాషర్లు, స్టీలు క్లిప్పులు, ఎక్కడ రంధ్రం వెయ్యాలో గీసి చూపే కాగితం. లోతు నీళ్లలో దిగినప్పుడు ఇంజను నీళ్ల పైనుంచి గాలి పీల్చుకోవడానికి ఆ గొట్టం. స్నార్కెల్ అంటారట. మా ఇంట్లోనూ ఒకప్పుడు అలాంటిది ఉండేది కానీ దానికి పేరేమీ లేదు.

"మామా, డ్రిల్లు ఇయ్యి. ఈ దినం నేనే బిగిస్తా. ఇంకొకరి చేతికిస్తే రంగసామి తాత కథ అయిపోతాది," అంది.

"ఏం కథ?"

"తెలియనట్టు అడగతావే! నేను అమ్మ కడుపులో ఉండంగా ఆయన రబ్బరు చుట్టేది మరిచిపోయినాడు, జీపు పళ్లం నడుమ నీళ్లు తాగి ఆగిపోయింది కదా. మా గ్రూపులో అందరికీ చెప్పినా. ఎవరన్నా ఏదన్నా బిగించకుండా మరిచిపోతే 'రంగసామి చేసినాడు' అంటాం ఇప్పుడు."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆ కథ ఎక్కడ ఎవరు చెప్పినా నేను అలా నవ్వడం ముప్పై ఏళ్ల అలవాటు. డ్రిల్లు తెచ్చి ఇచ్చి, లోపలికి పోయి కుర్చీలో కూర్చున్నాను. బయట రేకును తొలిచే చప్పుడు వినబడుతూ ఉంది. మా ఊరిని, మా ఇంటిని ఎన్నడూ చూడని పిల్లలు కూడా ఒక మనిషి పేరును తప్పుకు మారుపేరుగా వాడుకుంటున్నారు. ఆ తప్పు ఆయనది కాదు. రబ్బరు చుట్టింది ఆయన. దాన్ని విప్పింది నేను. మళ్లీ చుట్టకుండా వదిలింది నేను. చుట్టినట్టు గుర్తు పెట్టింది కూడా నేనే. ఇది చెప్పడానికే ఇప్పుడు పాత రోజుల దగ్గరికి పోతున్నాను.

మా ఇల్లు పొల్లాచ్చికి కొంచెం దూరంలో, కొబ్బరి తోపు నడుమ ఉండేది. రోడ్డుకూ తోపుకూ మధ్య ఒక వాగు. మేము దాన్ని పళ్లం అనే పిలిచేవాళ్లం, వేరే పేరు లేదు. ఎండాకాలంలో అందులో మేకలు పడుకునేవి. ఆడి నెలలో కొండల మీద వాన పట్టిందంటే మా దగ్గర చినుకు పడకపోయినా పొద్దున లేచేసరికి ఎర్రటి నీళ్లు మట్టలనూ కాయలనూ దొర్లించుకుంటూ పోతూ ఉండేవి. అప్పుడు ఇంట్లో అందరి మొదటి మాటా నీళ్ల గురించే. మా అవ్వ, అంటే నాయన తల్లి, ఇత్తడి గ్లాసులో కాపీ చల్లార్చుకుంటూ "నీళ్లు ఎందాక?" అని అడిగేది. కాయలు దించే మనుషులు చీలమండ, మోకాలు, మొల అని చెప్పేవాళ్లు. అవ్వ మొల అన్నమాట వింటే ఎవరినీ గడప దాటనిచ్చేది కాదు. ఎండు కొబ్బరి చెడకుండా వానకాలమంతా పొగ కొట్టులో ఆరేసేవాళ్లం. డొప్పల పొగ వాసన గుడ్డలకు, దుప్పట్లకు, చివరికి పెరుగన్నానికి కూడా పట్టి ఉండేది. ఈనాటికీ ఎక్కడైనా కొబ్బరి డొప్పలు కాలుస్తుంటే నాకు ముందు ఆకలి వేస్తుంది, తర్వాత పళ్లం జ్ఞాపకం వస్తుంది.

ఆ ఇంటికి రంగసామి మామ వచ్చింది నేను హైస్కూల్లో ఉన్నప్పుడు. అమ్మకు దూరపు అన్న వరస. అమ్మ నా చిన్నప్పుడే పోయినా ఆ చుట్టరికం పోలేదు. కొండ మీద టీ తోటల్లో ఏళ్ల తరబడి మెకానిక్ పని చేసి, మోకాళ్లు చలికి తట్టుకోలేక కిందికి దిగాడు. ఆవుల కొట్టం పక్కన ఉన్న రేకుల షెడ్డు ఆయనది అయిపోయింది. పంపుసెట్టు, మందు కొట్టే మిషను, ట్రాక్టరు, ఊరిలో ఏది మొరాయించినా ఆ షెడ్డుకే వచ్చేది. ఆయన యంత్రాలతో తమిళంలో మాట్లాడేవాడు, మనుషులతో మన తెలుగులో మాట్లాడేవాడు. స్పానరు జారి వేలికి తగిలితే మాత్రం టీ తోటల దొరల ఇంగ్లీషు బయటికి వచ్చేది. ఆ మాటలకు అర్థం తెలియక అవ్వ అదేదో మంత్రం అనుకునేది.

మా డీజిల్ జీపును వానకాలానికి సిద్ధం చెయ్యడం ఏటా ఆయన పని. ఆ సంవత్సరం మా సరోజక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నాయన తక్కువ మాట్లాడే మనిషి. కాపీ కూడా నిలబడే తాగేవాడు. ఆ రోజు షెడ్డు దాకా నడిచిపోయి, "రంగసామీ, ఏ పొద్దు పిలిచినా జీపు దాటాల," అన్నాడు.

"దాటిస్తా బావా. లైటు లోతు నీళ్లున్నా దాటిస్తా."

మామకు లోతు లెక్క మనిషి ఒళ్లు కాదు, జీపు ఒళ్లు. ఇరుసు లోతు, బంపరు లోతు, లైటు లోతు. లైటు దాటితే పోకూడదు.

మూడు దినాలు ఆ పని చేశాడు. ముందూ వెనకా ఇరుసులకు, గేరుపెట్టెకు వేడెక్కిన ఆయిలు ఊపిరి విడిచే సన్న రంధ్రాలు ఉంటాయి. వేడి ఇనుము చల్లటి నీళ్లలో దిగగానే ఆ రంధ్రాల్లోంచే లోపలికి ఊపిరి పీలుస్తుంది, ఊపిరితో పాటు నీళ్లూ పోతాయి. అందుకని వాటికి సన్నటి ట్యూబులు తగిలించి బోనెట్టు పైదాకా తెచ్చి కట్టాడు. క్లచ్చు పెట్టె అడుగున ఉండే రంధ్రంలో జనపనార చుట్టిన బోల్టు దిగగొట్టాడు. ఆయిలు పోసే మూతకు, ఆయిలు కొలిచే పుల్లకు గ్రీజు దట్టంగా పూశాడు. పొగ గొట్టానికి వంపు పైపు వేసి పైకి లేపాడు. అన్నిటికన్నా ముఖ్యమైంది గాలి పైపు. నీళ్లు పీల్చిన ఇంజను దగ్గదు, తుమ్మదు, విరిగిపోతుంది అనేవాడు. పంపుసెట్టుకు వాడే పచ్చటి సక్షన్ హోసు ముక్క కోసి, ఎయిర్ ఫిల్టరు మూతికి తగిలించి, బోనెట్టు పక్కనుంచి బయటికి లాగి, అద్దం ఫ్రేము పొడుగునా జీపు టాపు దాకా కట్టాడు. ఫిల్టరు మూతి కన్నా హోసు కొంచెం వదులు. అందుకని సైకిలు ట్యూబును రిబ్బనులా కోసి మూతి చుట్టూ మూడు చుట్లు గట్టిగా చుట్టి, దాని మీద హోసు ఎక్కించి క్లిప్పు బిగించాడు.

ఒక్కొక్కటి బిగించాక దాని మీద కుంకం బొట్టు పెట్టేవాడు. మా వైపు ఆయుధ పూజకు యంత్రాలకు బొట్టు పెట్టడం అందరూ చేసేదే. మామ దాన్ని పనిలో భాగం చేసుకున్నాడు. వట్టి కుంకం నీళ్లకు పోతుందని ఆముదంలో కలిపేవాడు.

"అత్తా, కొంజం కుంకం ఇయ్యి," అని వంటింటి వాకిట్లో నిలబడేవాడు.

"దేవుడికి తెచ్చిందంతా నీ జీపే పూసుకుంటా ఉండాది రా రంగా. దానికి తాళి కూడా కట్టేయి, ఒక పని అయిపోతాది," అనేది అవ్వ, తిడుతూనే చిటికెడుకు రెండు చిటికెలు వేస్తూ.

బొట్టు ఉందంటే ఆ కీలును మామ తన చేత్తో బిగించాడని అర్థం. బొట్టు ఉన్నదాన్ని ఎవరూ ముట్టకూడదు. ముట్టితే ఆయనకు చెప్పాలి. ఆయన మళ్లీ చూసి మళ్లీ పెడతాడు. ఆ జీపు మీద పదకొండు బొట్లు ఉండేవి. నీళ్లలో దిగే ముందు రేడియేటరుకు గోనె కట్టి, ఫ్యాను నీళ్లు చిమ్మకుండా దాని బెల్టు ఊడదీసి, జీపు చుట్టూ ఒక్కసారి తిరిగేవాడు. వంగి, పడుకుని, ఒక్కొక్క బొట్టు మీద వేలు పెట్టి తమిళంలో ఎంచేవాడు. "ఒణ్ణు, రెండు, మూణు..." పదినొణ్ణు అన్నాక మాత్రమే స్టీరింగు ముందు కూర్చునేవాడు.

తర్వాత వారానికి పొల్లాచ్చిలో మా పెదనాయన కొడుకు నిశ్చితార్థం. వాన తెరిపిచ్చింది, పళ్లంలో మోకాలు లోతు కూడా లేదు. నాకు ఇరవై రెండేళ్లు, చదువు అప్పుడే ముగిసింది, కొత్తగా పెంచిన మీసం. జీపు నేనే తోలుకుపోయాను. మండపం ముందు ఆపగానే చుట్టాల కుర్రాళ్లు గుమిగూడారు.

"ఏమిరా సౌందరూ, జీపులోనే బెల్లం కాస్తా ఉండారా? పొగగొట్టం పెట్టినారే!"

"కాదు రా, బోరు వేసేదానికి వచ్చినాడు. పెండ్లికూతురు ఇంట్లో నీళ్లు లేవంట!"

మెట్ల మీద పట్టు పావడాల్లో నిలబడిన ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అంతే జరిగింది. ఇప్పుడు రాస్తుంటే ఇంత చిన్న సంగతా అనిపిస్తుంది. జీపును మండపం వెనక్కి తిప్పి, క్లిప్పు వదులు చేసి, హోసు ఊడదీసి సీటు కిందికి తోశాను. మూతికి చుట్టిన ట్యూబు పట్టీ వేలాడుతుంటే దాన్ని కూడా విప్పి ప్రహరీ గోడ మీద పెట్టాను. భోజనాలయ్యాక అదే కుర్రాళ్లను ఎక్కించుకుని బజారు వీధుల్లో రెండు చుట్లు తిప్పాను. ఎవరూ నవ్వలేదు. సంతోషంగా ఇంటికి వచ్చాను.

మర్నాడు పొద్దున్నే మామ స్నానానికి పోయిన సమయం చూసి షెడ్డులో హోసు తిరిగి ఎక్కించబోయాను. పట్టీ లేదు. గోడ మీదే మరిచిపోయాను. షెడ్డులో మేకుకు పాత ట్యూబు ఒకటి వేలాడుతూనే ఉంది. కత్తెర ఎక్కడుందో మామకే తెలుసు. ఆయన్ని అడగాలి, అడిగితే చెప్పాలి. బావి దగ్గర చెంబు చప్పుడు ఆగింది. హోసును ఉత్త మూతి మీదికే తోసి, క్లిప్పు ఇంక తిరగనంతవరకు బిగించాను. లాగి చూశాను, ఊడిరాలేదు. ఇది చాల్లే అనుకున్నాను. బిగించేటప్పుడు నా బొటనవేలు తగిలి క్లిప్పు మీది బొట్టు చెదిరిపోయింది. కిటికీ గూట్లో కొబ్బరి చిప్పలో ఆముదం కుంకం ఇంకా మిగిలి ఉంది. మామ బొట్టు ఎప్పుడూ కాస్త పక్కకు జారినట్టు ఉండేది, ఆయన వేలు పెట్టిన తీరు అది. నేను కూడా అలాగే జార్చి పెట్టాను. నా తప్పంతా ఆ బొట్టులోనే ఉంది. రబ్బరు మరిచిపోవడం పొరపాటు. బొట్టును ఇంకొకరి వేలితో పెట్టినట్టు పెట్టడం పొరపాటు కాదు.

అయిదు దినాలకు, పొద్దున పదింటి వేళ, అక్కకు నొప్పులు మొదలయ్యాయి. చెప్పిన గడువుకు ఇంకా మూడు వారాలుంది. కొండ మీద రెండు దినాలుగా వాన. పళ్లం లైటు లోతుకు ఒక జానెడు తక్కువగా ఉంది. అవ్వా, నేనూ అక్కను నడుమ కూర్చోబెట్టుకుని వెనక ఎక్కాం. నాయన ముందు కూర్చున్నాడు. తాళ్లు పట్టుకుని నలుగురు మనుషులు గట్టు మీద నిలబడ్డారు. మామ బెల్టు ఊడదీశాడు, గోనె కట్టాడు, బొట్లు ఎంచాడు. గాలి పైపు క్లిప్పు దగ్గర వేలు పెట్టి పదినొణ్ణు అన్నాడు. ప్రతిసారీ అడిగినట్టే, ఎవరి ముఖమూ చూడకుండా, "ఎవరన్నా ఏమన్నా విప్పినారా?" అని అడిగాడు.

"ఎవరు విప్పుతారు? పోనీ," అన్నాడు నాయన.

నేను అక్క వైపు చూస్తూ ఉండిపోయాను.

మామ నీళ్లలో నడిపేటప్పుడు నీళ్లను కొట్టినట్టు కాకుండా దువ్వినట్టు నడిపేవాడు. చిన్న గేరు, ఒకే వేగం, పైకి లేవని అల. సగం దూరం బాగానే పోయాం. నడుమ పెద్ద మట్ట ఒకటి కొట్టుకొచ్చి ముందు బంపరుకు అడ్డం పడింది, అల లేచి బోనెట్టు మీద పారింది. ఇంజను ఒక్కసారి గొంతు పట్టుకున్నట్టు అయి, టక్కుమని ఆగింది. ఆ తర్వాత నీళ్ల చప్పుడు ఒక్కటే. పాదాల కిందికి నీళ్లు వచ్చాయి. అక్క నా చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి వణుకుతూ ఉంది. ఏం జరిగిందో ఆ జీపులో నా ఒక్కడికే తెలుసు.

గట్టు మీది మనుషులు తాడు కట్టుకుని దిగారు. ఇంటి నుంచి నులక మంచం తెచ్చి, దాని మీద అక్కను పడుకోబెట్టి, మొల లోతు నీళ్లలో భుజాల మీదికి ఎత్తి అవతలికి చేర్చారు. అవ్వ నోటి వెంట గోవిందా గోవిందా తప్ప ఇంకో మాట లేదు. రోడ్డు మీద కొబ్బరి పీచు వేసుకుపోతున్న లారీ ఆపి, అక్కను డ్రైవరు పక్కన ఎక్కించారు. ఆ సాయంత్రానికి పొల్లాచ్చి ఆసుపత్రిలో కవిత పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ మాట విన్నాక ఇక చెప్పేయవచ్చు అనుకున్నాను. రేపు చెప్పవచ్చు అని కూడా అనుకున్నాను.

నీళ్లు తగ్గాక ట్రాక్టరుతో జీపును లాగి షెడ్డు ముందు పెట్టారు. మామ బోనెట్టు ఎత్తాడు. క్లిప్పు బిగువుగా ఉంది, బొట్టు చెక్కు చెదరలేదు. క్లిప్పు విప్పి హోసు లాగాడు. ఉత్త మూతి. ఆయన ఆ మూతిని వేలితో ఒకసారి తడిమాడు.

"రబ్బరు ఎక్కడ రంగసామీ?" అన్నాడు నాయన.

"చుట్టినాను బావా."

నాయన వంగి ఆ ఉత్త మూతిని చూశాడు. మామ మళ్లీ మూతిని తడిమాడు. "చుట్టినట్టే జ్ఞాపకం," అన్నాడు.

"బొట్టు పెట్టేది జ్ఞాపకం ఉండాది, రబ్బరు చుట్టేది జ్ఞాపకం లేకపాయె. ఇంక నీ చెయ్యి నమ్మి నా బిడ్డను ఎక్కించేది లేదు."

నేను ఆవుల కొట్టం స్తంభం పక్కన ఉన్నాను. నోరు తెరిచాను. అప్పుడే లోపలి నుంచి అవ్వ, "సౌందరూ, అందరికీ కాపీ తీసకపో రా," అని పిలిచింది. పోయి కాపీ తెచ్చాను. అంతకన్నా ఏమీ చెయ్యలేదు. వారం లోపల మామ చిన్నమనూరులో ఉన్న తన కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆయన పనిముట్ల పెట్టెను పొల్లాచ్చి బస్టాండు దాకా మోసింది నేనే. బస్సు ఎక్కి, కిటికీలోంచి నా భుజం తట్టి, "అక్కను బాగా చూసుకో," అన్నాడు. మరుసటి వానకాలానికి నాయన జీపు అమ్మేశాడు. కొన్నేళ్లకు పళ్లం మీద వంతెన పడింది. ఇప్పుడు మా తోపుకు కారులో పోతే పిల్లలు నీళ్ల వైపు చూడను కూడా చూడరు. ఏ రాయి దగ్గర లోతో, ఎక్కడ ఇసుక కుంగుతుందో తెలిసినవాళ్లు ఊరిలో ముగ్గురో నలుగురో మిగిలి ఉంటారు. నీళ్లు ఎందాక అని అడిగే గొంతు లేదు. నాయన కూడా పోయాడు. మామ చెయ్యి గురించి తాను అన్న మాట తప్పని తెలియకుండానే పోయాడు. దానికి ఇప్పుడు నేను చెయ్యగలిగిందేమీ లేదు.

కవిత గొట్టం బిగించుకుని పోయిన ఆ ఆదివారం తర్వాత నేను ఒక నోటుబుక్కు కొని ఇదంతా రాయడం మొదలుపెట్టాను, తెలుగులో. మా ఇళ్లలో తెలుగు నోటికే గానీ చేతికి రాదు. బడి అంతా తమిళం. నేను నలభై దాటాక పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. నాలుగు పేజీలు రాశాక మనసు తేలికైనట్టు అనిపించింది. అప్పుడే నా మీద నాకు అనుమానం వచ్చింది. ఇంట్లో ఎవరూ చదవలేని అక్షరాల్లో తప్పు ఒప్పుకోవడం కూడా ఒక రకం దాచడమే. నోటుబుక్కు మూసి కవితకు ఫోను చేసి పిలిచాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని అంతా చెప్పాను.

ఆమె అంతా విని, "అంటే నేను పుట్టకముందే నన్ను ముంచబోయినావు," అంది.

"ఆమా," అని ఒప్పుకున్నాను.

"తాత చిన్నమనూరులోనే ఉండాడా?"

"ఉండాడంట. ఎనభై దగ్గర."

"అయితే ఇంకా కూర్చోనుండావే? ఎక్కు బండి."

పళని దాటి, దిండుక్కల్లు మీదుగా, ద్రాక్ష పందిళ్ల నడుమ చిన్నమనూరు చేరేసరికి మధ్యాహ్నం అయింది. దారి పొడుగునా కవిత నన్ను ఒక్క మాట కూడా ఓదార్చలేదు. అది మంచిదే అనిపించింది. మామ ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నన్ను గుర్తుపట్టడానికి కొంత సమయం పట్టింది గానీ బండిని చూడగానే లేచాడు. కర్ర ఆనించుకుని చుట్టూ తిరిగి, స్నార్కెల్ బోనెట్టులోకి దిగే చోట ఆగాడు.

"దీన్ని ఎవరు బిగించినారు?"

"నేనే తాతా," అంది కవిత.

"రబ్బరు వేసినావా?"

"వేసినా తాతా."

"చూసినావా? మళ్లీ చూడు."

లోపలి నుంచి కాపీ తెస్తున్న ఆయన కూతురు నవ్వింది. "మా నాయన అంతే. గ్యాసు నాబు మూడు తడవలు చూస్తాడు, తలుపు గొళ్లెం నాలుగు తడవలు. ట్రాక్టరు పని చేసినన్నాళ్లూ బిగించిందే బిగించేవాడు. ఇక్కడ ఆయనకు మళ్లీచూడు మేస్త్రీ అనే పేరు."

కాపీ గ్లాసు నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఈయన కోపంతో ఉంటాడని, నన్ను అనుమానిస్తూ ఉంటాడని నేను ఇన్నేళ్లు భయపడ్డాను. ఆయన అనుమానించింది తన చేతినే. గ్లాసు కింద పెట్టి, ఆయన ముందు అరుగు మెట్టు మీద కూర్చుని చెప్పాను. మండపం, బెల్లం పొయ్యి మాట, ప్రహరీ గోడ, కొబ్బరి చిప్ప, జార్చి పెట్టిన బొట్టు. ఏదీ విడిచిపెట్టలేదు.

ఆయన అరవలేదు. విడిపోయిన యంత్రం ముందు కూర్చున్నట్టు కూర్చుని అడగసాగాడు.

"ఎక్కడ విప్పినావు?"

"పొల్లాచ్చిలో. మండపం వెనక."

"విప్పేటప్పుడు రబ్బరు ఎన్ని చుట్లు ఉండె?"

"మూడు మామా."

"మూడు?"

"మూడు. గట్టిగా ఉండె. గోరుతో లేపాల్సి వచ్చింది."

ఆయన పెదవులు కదిలాయి. "మూడు చుట్లు," అన్నాడు. కూతురి వైపు తిరిగాడు. "విన్నావా? చుట్టినాను నేను. మూడు చుట్లు చుట్టినాను!" మోకాలి మీద అరచేత్తో కొట్టుకున్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. ఆయన కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి ఆయన ముఖం గట్టిపడింది.

"ఒరే సౌందరూ. మీ నాయన పోయినాడే. ఆయనకు ఎవరు చెప్తారు?"

"రాసిపెట్టినాను మామా," అన్నాను.

"ఎందులో?"

"తెలుగులో."

"చదివేదెవరు, మీ అవ్వనా? నోరుండాది కదా. మీ అక్కకు ఫోను చెయ్యి."

కవిత అప్పటికే నంబరు నొక్కి, అందరికీ వినబడేలా ఫోను అరుగు మీద పెట్టింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టం. అక్క మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"ఆ దినం నీ చెయ్యి వణకతా ఉండె," అంది అక్క. "నా తమ్ముడికి నా మీద అంత ప్రేమ అనుకున్నా రా. ఇన్నేళ్లు అందరికీ అదే చెప్పుకున్నా."

"అక్కా..."

"నీతో తర్వాత మాట్లాడతా. మామకు ఇయ్యి." మామ ఫోను వైపు వంగాడు. అక్క ఏడ్చేసింది. "మామా, నా బిడ్డకు నీ మీద తప్పు కథ చెప్పి పెంచినాను మామా."

"ఏడవకు అమ్మణీ. చుట్టినాను కదా. అది చాలు," అన్నాడు.

కాపీ తాగాక ఆయన కూతురిని పిలిచి కుంకమూ ఆముదమూ తెమ్మన్నాడు. ఆమె ఆశ్చర్యంగా చూసింది. ఆ ఇంట్లో ఆయుధ పూజకు కూడా బొట్లు పెట్టేది ఆమేనట, ఆయన వేలు ముంచడం ఎన్నడూ ఎరగదట. బోనెట్టు ఎత్తించి, స్క్రూ డ్రైవరు నా చేతికిచ్చాడు. "విప్పు. రబ్బరు నాకు చూపించు. మళ్లీ బిగించు." విప్పాను, చూపించాను, బిగించాను. ఆయన కర్ర కవితకు ఇచ్చి రెండు చేతులతో గొట్టాన్ని లాగి చూశాడు. ఒక్కసారే చూశాడు. తర్వాత వేలు ముంచి క్లిప్పు మీద బొట్టు పెట్టాడు. బొట్టు ఎప్పటిలాగే పక్కకు జారింది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం కవిత ఫోను చేసింది. వెనక నీళ్ల చప్పుడు, స్నేహితుల కేకలు.

"దాటినాం మామా. లైటు లోతు. బొట్టు అట్లే ఉండాది, పోలా."

"మంచిది. మామకు కూడా ఒక మాట చెప్పు."

"ఆయనకు చెప్పినాకనే నీకు చేస్తా ఉండా. ఇంకోటి. మా వాడొకడు ఈ దినం మూత బిగించకుండా వచ్చినాడు. అందరూ ఏమన్నారో తెలుసా?"

"ఏమన్నారు?"

"'సౌందరు చేసినాడు' అన్నారు."

ఫోను పెట్టేశాక చాలాసేపు ఒక్కడినే నవ్వుకున్నాను. ముప్పై ఏళ్లలో ఆ కథకు నేను దాపరికం లేకుండా నవ్వింది అదే మొదటిసారి.